పాత ట్రాక్టర్ ట్రైలర్‌ను బాగుచేయించడమా, కొత్తది కొనడమా: చిత్తూరు ప్రాంత రైతులకు ఎంపిక సలహా

పూతలపట్టు, పెనుమూరు వైపు ఏ ఊరికి వెళ్లినా చింతచెట్టు కిందనో, పాడుబడిన బెల్లం గానుగ పక్కనో ఒక పాత ట్రాక్టర్ ట్రైలర్ కనిపిస్తుంది. వాటిలో చాలావరకు చెరకు తోలిన రోజుల్లో చేయించినవి. చిత్తూరు సహకార చక్కెర కర్మాగారం, రేణిగుంట దగ్గరి గాజులమండ్యం కర్మాగారం మూతపడిన తరువాత ఆ బండ్లే తోతాపురి మామిడికి, కోళ్ల ఎరువుకు, చెరువు మట్టికి తిరుగుతున్నాయి. వాటిని బాగుచేయించుకోవాలా, పాత ఇనుము కొట్టుకు తూకానికి వేసి కొత్తది తెచ్చుకోవాలా అని నన్ను అడిగేవారికి ప్రతిసారీ నోటితో చెప్పే సంగతులనే ఇక్కడ క్రమంగా రాస్తున్నాను. మా ఇంటి ట్రైలర్‌ను రెండుసార్లు బాగుచేయించాను. మొదటిసారి అడుగు రేకు మార్చి, రంగు వేయించి, బండి కొత్తదైపోయిందని సంతోషించాను. ఆ ఏడాదే మామిడికాయల లోడుతో బంగారుపాళ్యం వెళ్తుండగా ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర ట్రాక్టర్‌కు తగిలించే ముందరి నొగ, తొట్టిని మోసే చట్రమైన చాసిస్‌తో కలిసే చోట విరిగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. అయినా ఆ రోజు నుంచి, ట్రైలర్ విషయంలో కంటికి కనబడని భాగాల మీద ముందు డబ్బు పెట్టాలని, రేకూ రంగూ ఆ తరువాతేనని గట్టిగా నమ్ముతున్నాను. కింద చెప్పే ప్రతి పోలికకూ ఆ నమ్మకమే ఆధారం.

మొదటి ప్రశ్న బాగుచేయించడమా, కొనడమా అన్నదే. దానికి జవాబు బండి వయసులో దొరకదు. 25 ఏళ్ల నాటి బండి అయినా మందమైన సీ ఆకారపు ఇనుప చానల్‌తో కట్టినదైతే నిన్న మొన్నటి చవక బండి కంటే మేలు కావచ్చు. చూడవలసినవి నాలుగు: నొగ, చాసిస్ నిడువు చానల్స్ (పొడవునా సాగేవి), ఇరుసు, కాగితాలు. ట్రైలర్‌ను ఖాళీ చేసి, చదునైన నేల మీద నిలిపి, చాసిస్ నిడువు చానల్ ఒక కొన నుంచి మరో కొనకు నూలుదారం బిగించి కట్టండి. దారానికీ చానల్‌కూ నడుమ చూపుడువేలు దూరేంత సందు ఉంటే ఆ చానల్ వంగినట్లే, దానికి పైన అతుకులు వేయడం వలన ప్రయోజనం ఉండదు. తరువాత చాసిస్ దీర్ఘచతురస్రాన్ని మూల నుంచి మూలకు రెండు వైపులా టేపుతో కొలవండి. రెండు కొలతలూ సమానంగా ఉండాలి. అంగుళానికి మించి తేడా వస్తే చాసిస్ మెలిక తిరిగిందని అర్థం, అలాంటి బండి రోడ్డు మీద ఒక పక్కకు లాగుతూ టైర్లను తినేస్తుంది. చివరగా చిన్న సుత్తితో చానల్ పొడవునా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము గంటలా మోగుతుంది, తుప్పు తిన్న చోట శబ్దం చచ్చిపోతుంది. అలా చచ్చిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని, తరువాత పాత స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి. మొన దిగబడితే ఆ భాగం ఇక ఉండకూడదు.

ఇరుసు సంగతి తేలిక. చక్రాలను నేల నుంచి పైకి లేపి, జాకీని మాత్రమే నమ్మకుండా కింద బలమైన చెక్క దిమ్మెలు పెట్టి, రెండు చక్రాల ముందు అంచుల మధ్య దూరాన్నీ వెనుక అంచుల మధ్య దూరాన్నీ కొలిచి పోల్చండి. తేడా ఉంటే ఇరుసు ముందుకో వెనుకకో వంగింది. మధ్యలో కిందికి వంగినదైతే టైర్ల అరుగుదలే చెబుతుంది, లోపలి అంచో బయటి అంచో ఎక్కువగా అరిగి ఉంటుంది. వంగిన ఇరుసును వేడిచేసి కొట్టి తిన్నగా చేస్తామని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. కొలిమిలో ఎర్రగా కాల్చిన ఇరుసుకు మునుపటి పటుత్వం అంతే ఉందని ఎవరూ హామీ ఇవ్వలేరు, దాని మీద నాలుగు టన్నులు మోయించడం ఎదురుగా వచ్చేవారికి కూడా ప్రమాదమే. ఇరుసు చెడితే ఇరుసు మార్చడం ఒక్కటే దారి.

కాగితాలను చాలామంది చివరికి వదిలేస్తారు, నేను ముందుకు తెస్తాను. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా విడిగా రిజిస్టరు కావలసిన వాహనమే, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని అదే చట్టంలోని 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. చాసిస్ నంబరు పంచ్ చేసిన చానల్ ముక్కే తుప్పు తిని ఉంటే, వెల్డింగ్ షాపులో దాన్ని కోసి పారేసిన తరువాత మీ చేతిలో ఉన్న పత్రానికీ, మీ ముందున్న బండికీ సంబంధం లేకుండా పోతుంది. కాబట్టి నంబరున్న భాగం కోయవలసిన పరిస్థితి ఉంటే, కోయకముందే రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి అడగండి. పత్రమే లేని ట్రైలర్‌ను చవకగా వస్తుందని కొని బాగుచేయించడాన్ని నేను ఎవరికీ సలహా ఇవ్వను. బీమా పత్రంలో ట్రాక్టర్‌తో పాటు ట్రైలర్ పేరు కూడా ఉందో లేదో అదే రోజు చూసుకోండి.

ఈ నాలుగింటిలో నొగ ఒక్కటే చెడితే సందేహం లేకుండా బాగుచేయించండి. నొగ, ఇరుసు రెండూ చెడినా చాసిస్ నిక్కచ్చిగా ఉంటే బాగుచేయించడమే లాభం. చాసిస్ నిడువు చానల్ ఒకటి వంగి, రెండోది పొడిస్తే దిగబడే స్థితిలో ఉంటే లెక్క మారుతుంది. అక్కడ మీరు బాగుచేయిస్తున్నది ట్రైలర్‌ను కాదు, పాత చక్రాల మీద కొత్త ట్రైలర్‌ను కట్టిస్తున్నారు. అది తప్పు కాదు, కానీ కొత్త బండి ధరను పక్కన పెట్టుకుని మాట్లాడవలసిన పని.

ఇనుము ధర రోజుకో తీరుగా మారుతుంది కనుక నేను రూపాయలు చెప్పను, బరువు చెబుతాను. షాపులో ఆనాటి కిలో ధర అడిగి మీరే హెచ్చవేసుకోవచ్చు. మన వైపు పాత ట్రైలర్లు చాలావరకు 100 మిల్లీమీటర్ల చానల్‌తో కట్టినవి. అది మీటరుకు సుమారు తొమ్మిదిన్నర కిలోలు తూగుతుంది. 125 మిల్లీమీటర్ల చానల్ మీటరుకు సుమారు 13 కిలోలు. పది అడుగుల నిడువు చానల్స్ రెండింటికి మొదటిది 58 కిలోలు, రెండోది 80 కిలోల దగ్గర పడుతుంది. అంటే అదనంగా కొనేది 22 కిలోల ఇనుము. వంగకుండా నిలిచే శక్తి మాత్రం ముప్పాతిక వంతుకు పైగా పెరుగుతుంది, ఎందుకంటే చానల్ బలం దాని ఎత్తును బట్టి పెరుగుతుంది, బరువును బట్టి కాదు. చానల్ మార్చక తప్పనప్పుడు పాత కొలతనే మళ్లీ వేయించడం నాకు అర్థంలేని పొదుపుగా కనిపిస్తుంది. బయటి కొలతలు పెంచకండి, తొట్టి పొడవూ వెడల్పూ పత్రంలో ఉన్నట్లే ఉండనివ్వండి, లోపలి ఎముకను మాత్రం బలపరచండి. ఆ చానల్ మార్పును కూడా రవాణా కార్యాలయంలో చెప్పి చేయించడమే క్షేమం.

ఇక చీలికల సంగతి. ఈ ఒక్క పనిలో షాపుకూ షాపుకూ ఉన్న తేడా తెలుస్తుంది. చాసిస్‌లోనో నొగలోనో పగులు వచ్చినప్పుడు మూడు రకాలుగా చేస్తారు. ఒకటి, పగులు మీద నేరుగా వెల్డింగ్ గీత లాగడం. ఇది పది నిమిషాల పని, పది నెలలు నిలిస్తే గొప్ప, ఎందుకంటే పగులు లోపల అలాగే ఉంటుంది, పైన పొర మాత్రమే పడుతుంది. రెండు, పగులు మీద చతురస్రపు పట్టీ పెట్టి నాలుగు వైపులా వెల్డ్ చేయడం. చూడడానికి బలంగా ఉంటుంది, కానీ చానల్‌కు అడ్డంగా పడిన నిలువు వెల్డింగ్ గీత దగ్గరే ఒత్తిడి పోగుపడి కొత్త పగులు మొదలవుతుంది. మా నొగ విరిగింది సరిగ్గా అలాంటి పాత పట్టీ అంచు దగ్గరే. మూడోది సరైన పద్ధతి: పగులు ఎక్కడ ముగుస్తుందో వెతికి ఆ కొనలో చిన్న రంధ్రం వేస్తే పగులు ముందుకు పాకడం ఆగుతుంది, తరువాత పగులు పొడవునా గ్రైండర్‌తో వీ ఆకారంలో గాడి తీసి, ఆ గాడిని అడుగు నుంచి నింపుకుంటూ వెల్డ్ చేసి, పైన ఈటె మొనలా రెండు చివరలూ కోసుగా ఉన్న పట్టీని పెట్టి ఏటవాలు అంచుల వెంట మాత్రమే వెల్డ్ చేయాలి. అప్పుడు బరువు ఒక్క గీత మీద పడకుండా పట్టీ పొడవునా సర్దుకుంటుంది.

ఈ పనికి వాడే వెల్డింగ్ రాడ్ కూడా అడిగి తెలుసుకోదగినదే. గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే షాపుల్లో 6013 రాడ్ వాడతారు. రేకులకు, పక్క డోర్లకు అది చక్కగా సరిపోతుంది. నొగకు, ఇరుసు కూర్చునే చోటుకు 7018 రాడ్ మంచిది, అది పడిన చోట వెల్డ్ పగిలిపోకుండా సాగే గుణం ఎక్కువ. అయితే ఆ రాడ్‌కు తేమ పనికిరాదు, పెట్టె విప్పి రోజుల తరబడి గాలికి వదిలేసిన రాడ్లను తిరిగి పొయ్యిలో 250 డిగ్రీలకు పైగా వేడిచేసి వాడకపోతే దాని మేలంతా పోతుంది. రాడ్లను పొయ్యిలో పెట్టే అలవాటు మా ఊరి షాపులో లేదు, చిత్తూరులో లారీ బాడీలు కట్టే ఒక షెడ్డులో ఉంది. అందుకే పనిని రెండుగా విడదీయమని చెబుతాను. నొగ, చాసిస్, ఇరుసు పని పట్టణంలోని లారీ షెడ్డులో, రేకులూ డోర్లూ ఊరిలోని వెల్డర్ దగ్గర. బండిని రెండుసార్లు తిప్పవలసి వచ్చినా నష్టం లేదు. బాడీ పనికి పేరున్న నామక్కల్, తిరుచెంగోడు దాకా తీసుకువెళ్లాలని కొందరు అనుకుంటారు, ఒక్క ట్రైలర్‌కు అంత దూరం అవసరం లేదు.

నొగ చివర ఉన్న రింగు రంధ్రం గుడ్డు ఆకారంలో అరిగి ఉంటే దాన్ని వెల్డింగ్‌తో నింపించవద్దు, కొత్త రింగు వేయించండి. కొక్కెం పిన్నుకు క్లిప్పు, దానికి తోడుగా ట్రాక్టర్‌ను ట్రైలర్‌ను కలిపే గొలుసు తప్పక ఉండాలి.

అడుగు రేకు దగ్గరకు వస్తే, ఎంపిక మీరు ఏం తోలుతారన్న దాని మీదే ఆధారపడుతుంది. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు ఉన్న తొట్టికి 3 మిల్లీమీటర్ల రేకు సుమారు 131 కిలోలు, 4 మిల్లీమీటర్లది 175 కిలోలు, 5 మిల్లీమీటర్లది 219 కిలోలు తూగుతుంది. కేవలం మామిడి, వేరుశనగ, ఎరువు మూటలు తోలేవారికి 3 మిల్లీమీటర్లు చాలు. మట్టి, ఇసుక, రాయి తోలేవారికి, అందులోనూ జేసీబీ బకెట్‌తో పైనుంచి పోయించేవారికి 4 మిల్లీమీటర్లు కావాలి. 5 మిల్లీమీటర్లకు నేను ఎప్పుడూ మొగ్గను, ఎందుకంటే మందం పెంచడం కంటే కింద అడ్డు చానల్స్‌ను దగ్గర దగ్గరగా వేయించడం వలన రేకు కుంగకుండా ఎక్కువ కాలం ఉంటుంది, బరువూ అంతగా పెరగదు. గళ్ల ప్లేటు చూడడానికి బాగుంటుందని అడిగేవారున్నారు. పార పెట్టి మట్టి తీయవలసిన తొట్టిలో అది చేటు చేస్తుంది, పార ఆ గళ్లకు తగిలి ఆగుతుంది, గళ్ల సందుల్లో తడి నిలిచి తుప్పుకు దారి ఇస్తుంది. లారీ ఎక్కే మెట్టుకు గళ్ల ప్లేటు మంచిది, తొట్టి అడుగుకు నున్నని రేకే మంచిది. చెక్క పలకల అడుగు చెరకు రోజుల్లో చాలా బండ్లకు ఉండేది. కాయకు దెబ్బ తగలదు, పాడైన పలక ఒక్కటే మార్చుకోవచ్చు. మామిడి తప్ప మరేదీ తోలనివారికి ఇప్పటికీ అది మంచి ఎంపికే, కానీ తడిసిన చెక్క కింద చానల్‌కు ఆనుకుని రోజుల తరబడి తేమను పట్టి ఉంచుతుంది కనుక, పలకలకూ చానల్‌కూ మధ్య పాత ట్యూబు రబ్బరు పట్టీలు వేయాలి.

తుప్పు గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే పాత బండిని చంపేది బరువు కంటే అదే. గాలి బాగా తగిలే చోట తుప్పు మెల్లగా పడుతుంది. రెండు ఇనుములు అంటీ అంటనట్లు కలిసే సందులో మాత్రం తడి చేరి, ఎండ తగలక, అక్కడే ఉండి తొలిచేస్తుంది. అడుగు రేకును చానల్ మీద పరిచి జానెడు దూరానికి ఒక్కొక్క చుక్క వెల్డ్ పెట్టి వదిలేసిన బండ్లలో సరిగ్గా ఆ చుక్కల మధ్య సందే మొదట పోతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక అది లోపల పెరిగే కొద్దీ రేకును పైకి లేపుతుంది, లేచిన సందులోకి మరింత నీరు దిగుతుంది. దీనికి తోడు మనం తోలే సరుకులు. కోళ్ల ఎరువులో అమ్మోనియా, లవణాలు ఉంటాయి, యూరియా బస్తా చిరిగి రాలిన గుళికలు తేమను పీల్చి ఇనుము మీద అతుక్కుంటాయి, మామిడికాయ సొనలోనూ ఆమ్లం ఉంది. జ్యూస్ ఫ్యాక్టరీ ముందు లోడుతో రెండు మూడు రోజులు వరుసలో నిలబడిన ట్రైలర్‌లో, కింద నలిగిన కాయల రసం అడుగుకు చేరి మూలల్లో నిలుస్తుంది. అందుకే కొత్త అడుగు వేయించినప్పుడు అంచుల పొడవునా తెగకుండా వెల్డ్ చేయించండి, అది వీలుకాని చోట సీలెంట్ పూయించండి, నాలుగు మూలల్లో నీరు కారే రంధ్రాలు వేయించండి. దీనికయ్యే ఖర్చు చాలా తక్కువ, తొట్టి ఆయువు మీద దీని ప్రభావం రంగు కంటే ఎక్కువ.

తుప్పు తీయడానికి గ్రైండర్‌కు వైరు బ్రష్ తగిలించి గీకడం ఒక పద్ధతి, గాలి ఒత్తిడితో గరుకు రేణువులను చిమ్మే బ్లాస్టింగ్ చేయించడం మరో పద్ధతి. వైరు బ్రష్ పైపొర తుప్పును తీస్తుంది, గుంటల అడుగున ఉన్నదాన్ని మెరుగుపెట్టి అక్కడే వదిలేస్తుంది. బ్లాస్టింగ్ గుంట అడుగు దాకా శుభ్రం చేసి, రంగు పట్టుకునేలా ఇనుమును గరుకు చేస్తుంది. కానీ పలుచని పక్క రేకులు దాని దెబ్బకు ఉబ్బిపోతాయి. కాబట్టి చాసిస్‌కు, నొగకు, ఇరుసు భాగానికి బ్లాస్టింగ్, డోర్లకు వైరు బ్రష్ అన్నది నా సలహా. బ్లాస్టింగ్‌కు నది ఇసుక వాడే చోటికి వెళ్లకండి. ఆ ఇసుక ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే నయంకాని జబ్బు తెస్తుంది, పనిచేసే కుర్రవాళ్లు ముఖానికి తువ్వాలు చుట్టుకున్నంత మాత్రాన అది ఆగదు. రాగి స్లాగ్ గాని, ఉక్కు గ్రిట్ గాని వాడే షెడ్డును వెతకండి, మన పొదుపు కోసం ఇంకొకరి ఊపిరి పోకూడదు. బ్లాస్టింగ్ అయిన ఇనుము నగ్నంగా ఉంటుంది కనుక అదే రోజు, వీలైతే కొద్ది గంటల్లోనే, ప్రైమర్ పడాలి. రాత్రి మంచుకు వదిలితే ఉదయానికి ఎర్రని పొర కనిపిస్తుంది.

రంగుల్లో మూడు మార్గాలున్నాయి. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ మీద ఎనామెల్ వేయడం అందరికీ తెలిసినది, ఊరిలోనే అవుతుంది, దెబ్బ తగిలిన చోట మళ్లీ పూసుకోవచ్చు. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే వేసి పైరంగు తరువాత చూద్దామని వదిలేయడం మాత్రం పెద్ద పొరపాటు. ఆ పొర నీటిని పూర్తిగా ఆపలేదు, ఒక్క వానాకాలం గడిస్తే కింద తుప్పు మొదలవుతుంది. రెండోది రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్. ఇది ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది, ఎరువు రసానికి, నూనెలకు చెదరదు, కానీ ఎండకు పొడిపొడిగా రాలుతుంది కనుక పైన మరో రంగు తప్పనిసరి. కలిపిన తరువాత కొన్ని గంటల్లోనే వాడేయాలి కనుక చేయి తిరిగిన మనిషి కావాలి. మూడోది వేడి జింకు పూత: సుమారు 450 డిగ్రీల వద్ద కరిగిన జింకులో చాసిస్ మొత్తాన్ని ముంచి తీయడం. వెల్డింగ్ అంతా ముందే పూర్తికావాలి, మూసుకుపోయిన పైపులు ఉంటే గాలి పోయే రంధ్రాలు తప్పక వేయాలి, లేకపోతే లోపలి తేమ ఆవిరై పైపు పేలుతుంది. ఈ పనికి చెన్నై వైపు పోవలసి ఉంటుంది.

చిత్తూరు, పలమనేరు, పుంగనూరు వైపు లోతట్టు రైతులకు జింకు పూత అవసరం లేదని నా అభిప్రాయం. చాసిస్‌కు ఎపాక్సీ, డోర్లకు రెడ్ ఆక్సైడ్ మీద ఎనామెల్ వేయిస్తే సరిపోతుంది. తొట్టి లోపలి అడుగుకు ఖరీదైన రంగు దండగ, మొదటి లోడు మట్టితోనే అది గీరుకుపోతుంది. తిరుపతి జిల్లాలో తూర్పున తడ, సూళ్లూరుపేట దగ్గర పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్నవారి లెక్క వేరు. అక్కడి గాలిలోనే ఉప్పు ఉంది. చేపలు తోలే ట్రైలర్లకు, అంతకంటే ముఖ్యంగా పడవను మోసుకుని నీటిలోకి దిగే ట్రైలర్లకు, జింకు పూత పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం ఇస్తుంది. పడవ ట్రైలర్ ఉన్నవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. దూరం నడిచి వేడెక్కిన హబ్ (చక్రం నడుమ బేరింగులుండే భాగం) చల్లని నీటిలో మునిగినప్పుడు లోపలి గాలి కుంచించుకుని సీలు సందుల గుండా ఉప్పునీటిని లోపలికి పీలుస్తుంది. కాబట్టి నీటిలోకి దింపే ముందు హబ్‌ను చల్లారనివ్వాలి, పని ముగిశాక మంచినీటితో కడగాలి.

వాడేసిన ఇంజిన్ ఆయిల్‌ను చాసిస్‌కు పూసే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. దాన్ని నేను వద్దంటాను. అది కారి పొలంలోనే పడుతుంది, చర్మానికి హాని చేస్తుంది, ఒకసారి పూసిన తరువాత ఏ రంగూ దాని మీద నిలవదు.

బేరింగుల విషయంలో ఎద్దుల బండి ఇరుసుకు కందెన పెట్టిన తరం వారికి చెప్పవలసింది కొంచెమే. హబ్ విప్పినప్పుడు బేరింగు బయటి వలయమైన కప్పు మీద నీలి మచ్చలు, గుంటలు కనిపిస్తే కప్పునూ లోపలి వలయమైన కోన్‌నూ జతగా మార్చండి, పాత కప్పులో కొత్త కోన్ పెడితే త్వరగా అరుగుతుంది. సీలు ఎలాగూ కొత్తదే వేయాలి. ఏపీ-3 గ్రీజును రోలర్ల సందుల్లోకి వేళ్లతో బాగా దూర్చి, హబ్ ఖాళీలో సగానికి మించకుండా నింపండి, కూరి కూరి నింపితే వేడెక్కుతుంది. చక్రాన్ని తిప్పుతూ నట్టును బిగించి, తరువాత చక్రం స్వేచ్ఛగా తిరిగే దాకా కొద్దిగా వదులు చేసి, స్ప్లిట్ పిన్ను కొత్తది వేయాలి. పాత పిన్నును తిన్నగా చేసి మళ్లీ వాడకండి.

టైర్లలో కొత్తవి, రీసోలు చేసినవి (పాత టైరుకు పైన కొత్త రబ్బరు వేసినవి), లారీ నుంచి తీసిన పాతవి అని మూడు ఎంపికలు. ట్రైలర్ వేగం తక్కువ కనుక, లోపలి గుడ్డ దెబ్బతినని టైరుకు చేయించిన రీసోలు మన పనికి నిలుస్తుంది. పాత టైరు కొనేటప్పుడు పక్క గోడ మీద ఉన్న నాలుగంకెల సంఖ్యను చూడండి, 1519 అని ఉంటే అది 2019వ సంవత్సరం 15వ వారంలో తయారైందని అర్థం. గాడి ఎంత లోతుగా ఉన్నా, పక్క గోడల మీద సన్నని పగుళ్లు పడిన టైరును తీసుకోవద్దు, మామిడి లోడుతో ఎండలో నిలబడ్డ రోజున అది మోసం చేస్తుంది. రెండు వైపులా ఒకే కొలత, ఒకే ఎత్తు ఉండాలి.

మామూలు తొట్టిని ఈ సందర్భంలో సరుకు ఒంపేందుకు పైకి లేచే హైడ్రాలిక్ టిప్పింగ్‌గా మార్పించుకుంటామనే వారికి నా సలహా వద్దనే. ఎత్తినప్పుడు బరువంతా వెనుక కీలు మీదికి పోతుంది, పాత చాసిస్‌ను దాని కోసం కట్టలేదు. టిప్పింగ్ నిజంగా కావలసినవారు పాతదాన్ని అమ్మి టిప్పింగ్‌తోనే తయారైన బండిని కొనడం మంచిది.

బ్రేకులు, వెనుక లైట్లు, ప్రతిఫలించే టేపు ఎంపికలు కావు. అవన్నీ ఉండాలి. చిత్తూరు నుంచి తిరుపతి వెళ్లే రోడ్డులో రాత్రివేళ లైటు లేని ట్రైలర్ వెనుక నుంచి వచ్చేవారికి దగ్గరపడే దాకా కనబడదు.

పనికి కాలం కూడా చూసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల తడిలో రంగు పని పెట్టుకోకూడదు. మే చివరి నుంచి జూలై దాకా మామిడి కోతల్లో బండి ఖాళీగా ఉండదు. కాబట్టి సంక్రాంతి దాటిన తరువాత విప్పి, మార్చి ముగిసేలోగా కట్టేయడం మేలు. ఏప్రిల్ ఎండలో కాలిన రేకు మీద రంగు వేస్తే పైపొర ముందే ఆరి లోపల బుడగలు కడుతుంది. అంతగా ఆలస్యమైతే రంగు పనిని పొద్దుపొడుపు వేళకు పరిమితం చేయండి.

కట్టిన బండిని మొదటి రోజే నిండు లోడుకు పంపకండి. సగం లోడుతో 20 కిలోమీటర్లు నడిపి, ఆపి, రెండు హబ్‌ల మీదా అరచేయి ఆనించి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చేయి ఆనించలేనంత వేడిగా ఉంటే నట్టు బిగువైంది, అక్కడే వదులు చేయించండి. చక్రాల నట్లను మళ్లీ ఒకసారి బిగించండి, కొత్త రంగు పొర నలిగిన కొద్దీ అవి మొదటి ప్రయాణంలోనే కొంచెం వదులవుతాయి. నొగ దగ్గరి కొత్త వెల్డింగ్ మీద సుద్దముక్కతో సన్నగా గీత గీసి, ఇంటికి వచ్చిన తరువాత అది ఎక్కడైనా తెగిందేమో దగ్గరగా చూడండి. తెగకుండా ఉంటే, తరువాతి లోడు మామిడిది కావచ్చు.